నెమ్మదించిన తీగకు వైద్యం చెప్పినాయన: ఆలివర్ హెవీసైడ్

లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్స్ చదివిన ప్రతి ఒక్కరికీ హెవీసైడ్ యూనిట్ స్టెప్ ఫంక్షన్ తెలుసు. సున్నా మీద నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా ఒకటికి ఎగిరే గీత. ఎగ్జామ్‌కి ముందు రోజు రాత్రి బట్టీ పట్టి, రాసేసి, మర్చిపోతాం. కానీ ఆ పేరు గల మనిషి జీవితమంతా పట్టించుకున్న ప్రశ్న మనం రోజూ ఇంట్లోనో హాస్టల్లోనో అడిగే ప్రశ్నే: ఈ లైన్ ఎందుకింత స్లోగా ఉంది?

నెట్ స్లో అయితే మనం ఏం చేస్తాం? రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తాం. అప్పటికీ కుదరకపోతే ఇంకా పెద్ద ప్లాన్ వేయించమని నాన్నని అడుగుతాం. అదీ పనిచేయకపోతే కస్టమర్ కేర్ వాళ్లతో గొడవ పెట్టుకుంటాం. అసలు ఆలస్యం ఎక్కడ పుడుతోందో మాత్రం చూడం. 150 ఏళ్ల క్రితం పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా అచ్చం ఇలాగే చేశారు. అందులో హెవీసైడ్ కథ ఎక్కడ మొదలవుతుందో చూడాలంటే ముందు ఒక కేబుల్ ఎలా చచ్చిపోయిందో తెలియాలి.

ఎక్కువ వోల్టేజి, తక్కువ బుర్ర

1858 ఆగస్టులో ఐర్లండ్ నుంచి కెనడా పక్కనున్న న్యూఫౌండ్‌లాండ్ దాకా అట్లాంటిక్ సముద్రం అడుగున మొదటి టెలిగ్రాఫ్ కేబుల్ వేశారు. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడికి 98 మాటల సందేశం పంపింది. అది అవతలికి చేరడానికి సుమారు 16 గంటలు పట్టింది. లెక్క వేసుకోండి, ఒక్కో మాటకి దాదాపు పది నిమిషాలు!

ఎందుకలా? కేబుల్ అంటే మధ్యలో రాగి తీగ, దాని చుట్టూ ఇన్సులేషన్, బయట సముద్రపు నీళ్లు. అంటే అదొక పొడవాటి కెపాసిటర్. ఇటు కీ నొక్కితే కరెంటు నేరుగా అటు చేరదు, ముందు ఆ కెపాసిటర్ దారి పొడవునా నిండాలి. కీ వదిలాక అదంతా మళ్లీ ఖాళీ అవ్వాలి. నిటారుగా లేచిన సిగ్నల్ అవతలి ఒడ్డుకి చేరేసరికి నెమ్మదిగా పైకి పాకే వాలులా మారిపోతుంది. తొందరపడి రెండో చుక్క పంపితే మొదటి చుక్కతో కలిసిపోయి రెండూ అర్థం కాకుండా పోతాయి. అందుకే ఆగి ఆగి పంపాలి. లైన్ పొడవు రెట్టింపైతే ఈ ఆలస్యం నాలుగు రెట్లవుతుందని విలియం థామ్సన్, అంటే తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, అప్పటికే లెక్క కట్టి చెప్పారు.

కానీ ఆ కంపెనీకి ఎలక్ట్రీషియన్‌గా ఉన్న వైల్డ్‌మన్ వైట్‌హౌస్ ఆ లెక్కని నమ్మలేదు. సిగ్నల్ సరిగ్గా రావట్లేదంటే బలం చాలట్లేదనుకుని ఏకంగా 2000 వోల్టుల దాకా ఎక్కించాడు. అసలే లోపాలున్న కేబుల్, ఆ దెబ్బకి ఇన్సులేషన్ పాడైంది. వేసిన కొన్ని వారాలకే మొదటి అట్లాంటిక్ కేబుల్ మూగబోయింది. రోగమొకటైతే మందొకటి అంటారే, ఇది అదే.

టెలిగ్రాఫ్ ఆఫీసులో కుర్రాడు

ఆ కేబుల్ చచ్చేనాటికి ఆలివర్ హెవీసైడ్‌కి 8 ఏళ్లు. 1850 మే 18న లండన్‌లోని కామ్‌డెన్ టౌన్‌లో పుట్టారు. తండ్రి చెక్క మీద బొమ్మలు చెక్కి అచ్చుకి ఇచ్చే పనివాడు. ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ కటకటే. చిన్నప్పుడు స్కార్లెట్ ఫీవర్ వచ్చి ఆలివర్‌కి చెవుడు మిగిల్చింది. తోటి పిల్లలతో కలవలేకపోవడం అక్కడే మొదలైంది. 16 ఏళ్లకే బడి మానేశారు. అంటే, మన భాషలో చెప్పాలంటే, టెన్త్‌తో చదువు ఆగిపోయింది. కాలేజీ గడప తొక్కలేదు. మనం సెమిస్టర్లలో చదివే గణితమంతా ఆయన ఇంట్లో ఒక్కరే కూర్చుని నేర్చుకున్నారు.

ఒక్క విషయంలో మాత్రం అదృష్టం కలిసొచ్చింది. తల్లి తోబుట్టువు ఎమ్మా భర్త చార్ల్స్ వీట్‌స్టోన్. ఫిజిక్స్ ల్యాబ్‌లో మనం తిట్టుకుంటూ బ్యాలెన్స్ చేసే వీట్‌స్టోన్ బ్రిడ్జి పేరు ఆయనదే. ఇంగ్లండ్‌లో టెలిగ్రాఫ్ తెచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఆ చుట్టరికం వల్లే అన్న ఆర్థర్, ఆ తర్వాత ఆలివర్ టెలిగ్రాఫ్ పనిలోకి వెళ్లారు. 1868లో, 18 ఏళ్ల వయసులో, ఇంగ్లండ్ నుంచి డెన్మార్క్‌కి కొత్తగా వేసిన కేబుల్ మీద ఆపరేటర్‌గా చేరారు. కొన్నాళ్లు డెన్మార్క్‌లో, తర్వాత ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో పనిచేశారు.

ఆ ఉద్యోగంలో ట్రబుల్‌షూటింగ్ అంటే ఏంటో తెలుసా? సముద్రం అడుగున ఎక్కడో కేబుల్ దెబ్బతింటుంది. ఒడ్డున ఆఫీసులో కూర్చున్నవాడు దాని రెసిస్టెన్స్ కొలుస్తాడు. ఒక మైలు తీగకి ఎంత రెసిస్టెన్సో ముందే తెలుసు కాబట్టి, కొలిచిన విలువని బట్టి లోపం ఎన్ని మైళ్ల దూరంలో ఉందో లెక్క కడతాడు. ఆ చోటికి ఓడ వెళ్లి కేబుల్‌ని పైకి లాగి బాగు చేస్తుంది. లెక్క తప్పితే ఓడ ప్రయాణం దండగ. అందుకే కొలత ఖచ్చితంగా రావాలి. 1873లో, వీట్‌స్టోన్ బ్రిడ్జిని ఏ విలువలతో అమర్చితే కొలత బాగా వస్తుందో హెవీసైడ్ ఒక పేపర్ రాశారు. దాన్ని జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ అంతటాయన తన పుస్తకం రెండో కూర్పులో ప్రస్తావించారు.

ఒకవైపు వేగం, ఇంకోవైపు నత్తనడక

డెన్మార్క్ లైన్‌లో ఒక విచిత్రం ఉండేది. ఒకవైపు నుంచి వెళ్లే సందేశాలు వేగంగా వెళ్లేవి, అదే తీగ మీద ఎదురు దిశలో నెమ్మదిగా వచ్చేవి. తీగ ఒకటే, సముద్రం ఒకటే, మరి తేడా ఎక్కడిది? అలవాటైన ఆపరేటర్లు అది అంతే అని ఊరుకున్నారు. హెవీసైడ్ ఊరుకోలేదు.

ఆయన చూసిందేమిటంటే, మనం ఒకటే అనుకుంటున్న లైన్ నిజానికి ఒకటి కాదు. కొంత దూరం నేల మీద స్తంభాలపై వేలాడే తీగ, తర్వాత సముద్రంలో కేబుల్, మళ్లీ నేల మీద తీగ, రెండు చివరలా బ్యాటరీలు, పరికరాలు. ఒక్కో ముక్కకి ఒక్కో గుణం. ఈ ముక్కలు రెండు చివరల నుంచీ ఒకేలా లేకపోతే వేగం కూడా రెండు దిశల్లో ఒకేలా ఉండదని లెక్కతో చూపించారు. రకరకాల ముక్కలు కలిసిన లైన్లలో సిగ్నల్ వేగం గురించి 1877లో వ్యాసం అచ్చయింది.

మన ఇంటి నెట్ కూడా అంతే కదా. ల్యాప్‌టాప్ నుంచి రూటర్ దాకా వైఫై ఒక ముక్క. రూటర్ నుంచి వీధి చివరి డబ్బా దాకా ఫైబరో రాగి తీగో ఇంకో ముక్క. అక్కడ నుంచి కంపెనీ నెట్‌వర్క్ ఒకటి, ఆ తర్వాత మనం తెరిచిన సైట్ సర్వర్ ఒకటి. "నెట్ స్లో" అన్న మాటకి దానంతటదే అర్థం లేదు. ఏ ముక్క స్లో, ఏ దిశలో స్లో అని అడిగితేనే అర్థం వస్తుంది.

ఉద్యోగం వదిలేసి

1874లో, 24 ఏళ్లకే హెవీసైడ్ ఉద్యోగం మానేశారు. ఆ తర్వాత బతికున్న 50 ఏళ్లలో మళ్లీ ఏ ఉద్యోగమూ చేయలేదు. అమ్మానాన్నల ఇంట్లో ఒక గదిలో తలుపేసుకుని మాక్స్‌వెల్ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఇంట్లో వాళ్ల పరిస్థితి మనం ఊహించుకోవచ్చు. పాతికేళ్ల కొడుకు, చెవుడు, సంపాదన లేదు, పొద్దస్తమానం ఏవో లెక్కలు.

ఆ గదిలో జరిగిన పని మాత్రం చిన్నది కాదు. మాక్స్‌వెల్ 1865లో తన సిద్ధాంతాన్ని 20 సమీకరణాల్లో రాశారు. హెవీసైడ్ 1884, 85 ప్రాంతంలో దాన్ని వెక్టర్ల భాషలోకి మార్చి నాలుగుకి తెచ్చారు. మనం మాక్స్‌వెల్ ఈక్వేషన్స్ అని రాసే ఆ నాలుగూ, డైవర్జెన్స్, కర్ల్ గుర్తులతో సహా, దాదాపు ఆయన రాసిన రూపమే. మాక్స్‌వెల్ 1879లోనే చనిపోయారు కాబట్టి దాన్ని చూడలేదు. ఇంపీడెన్స్, ఇండక్టెన్స్, కండక్టెన్స్ అనే పేర్లు పెట్టింది కూడా హెవీసైడే. తీగ చుట్టూ గొట్టంలా ఇంకో తీగ ఉండే కోయాక్సియల్ కేబుల్‌కి 1880లో ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్నారు. కేబుల్ టీవీ వైరు అంటే అదే. చాలా ఊళ్లలో ఇంటర్నెట్ కూడా ఇంట్లోకి దాని మీద వచ్చింది.

అసలు మందు

ఇప్పుడు అసలు విషయం. థామ్సన్ లెక్కలో లైన్‌కి రెండే గుణాలు: రెసిస్టెన్స్, కెపాసిటెన్స్. హెవీసైడ్ దానికి ఇంకో రెండు కలిపారు. ఒకటి ఇండక్టెన్స్, రెండోది ఇన్సులేషన్ గుండా కారిపోయే లీకేజీ. ఈ నాలుగూ కలిసినవే ఈసీఈ వాళ్లు చదివే టెలిగ్రాఫర్స్ ఈక్వేషన్స్.

ఒక చుక్క గానీ ఒక మాట గానీ ఎన్నో ఫ్రీక్వెన్సీలు కలిసిన మూట. మామూలు లైన్‌లో ఒక్కో ఫ్రీక్వెన్సీ ఒక్కో వేగంతో వెళ్తుంది, ఒక్కోటి ఒక్కో మోతాదులో బలం కోల్పోతుంది. గుంపుగా బయల్దేరినవాళ్లు దారిలో చెల్లాచెదురైపోయి ఒక్కొక్కరే వచ్చినట్టు. అవతలి చివర చుక్క అలుక్కుపోయి కనిపిస్తుంది, గొంతు అయితే ముద్దముద్దగా వినిపిస్తుంది. బలం పెంచితే ఆ ముద్ద ఇంకా గట్టిగా వినిపిస్తుందంతే, స్పష్టంగా కాదు. వైట్‌హౌస్‌కి తెలియనిది ఇదే.

హెవీసైడ్ 1887లో ఒక షరతు కనిపెట్టారు. రెసిస్టెన్స్‌ని ఇండక్టెన్స్‌తో భాగిస్తే వచ్చేదీ, లీకేజీని కెపాసిటెన్స్‌తో భాగిస్తే వచ్చేదీ సమానమైతే, అన్ని ఫ్రీక్వెన్సీలూ ఒకే వేగంతో వెళ్తాయి, అన్నీ ఒకే మోతాదులో తగ్గుతాయి. సిగ్నల్ చిన్నదవుతుంది కానీ ఆకారం చెడదు. మామూలు లైన్లలో ఇండక్టెన్స్ ఉండాల్సిన దానికంటే చాలా తక్కువ. కాబట్టి మందు ఏంటి? ఇండక్టెన్స్ పెంచండి, దారి పొడవునా అక్కడక్కడా తీగచుట్టలు కలపండి. దూది ఉండ విసిరితే పక్కనే పడుతుంది, గులకరాయి విసిరితే దూరం పోతుంది కదా. ఇండక్టెన్స్ సిగ్నల్‌కి ఆ బరువు ఇస్తుంది.

ఈ మాట అప్పటి పెద్దలకి పూర్తిగా తలకిందులుగా వినిపించింది. బ్రిటన్‌లో టెలిగ్రాఫ్, టెలిఫోన్ వ్యవహారాల మీద పెత్తనం పోస్టాఫీసు శాఖది. అక్కడ విలియం ప్రీస్ పెద్ద ఇంజనీరు. ఇండక్టెన్స్ అంటే సిగ్నల్‌కి శత్రువు, ఎంత తగ్గిస్తే అంత మంచిది అని ఆయన నమ్మకం. అదే సంవత్సరం ఆర్థర్, ఆలివర్ కలిసి టెలిఫోన్ లైన్ల గురించి ఒక పేపర్ రాశారు. ఆర్థర్ పోస్టాఫీసు ఉద్యోగి కాబట్టి పై నుంచి అనుమతి కావాలి. ప్రీస్ ఇవ్వలేదు. పేపర్ ఆగిపోయింది. ద ఎలక్ట్రీషియన్ అనే పత్రిక ఒక్కటే హెవీసైడ్ వ్యాసాలు వేస్తూ ఏడాదికి సుమారు 40 పౌండ్లు ఇచ్చేది. 1887లోనే దానికి సంపాదకుడు మారాడు, కొత్తాయన ఆ సీరీస్ ఆపేశాడు. మూలిగే నక్క మీద తాటిపండు.

చివరికి 1889 జనవరిలో థామ్సన్ గారే ఇంజనీర్ల సంఘం అధ్యక్షోపన్యాసంలో హెవీసైడ్ పనిని అందరి ముందూ మెచ్చుకున్నారు. తన పాత లెక్కని దాటి వెళ్లినవాడిని మెచ్చుకోవడానికి కూడా పెద్ద మనసు కావాలి. 1891లో హెవీసైడ్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు.

పంట ఒకరిది, కోత ఒకరిది

పేరైతే వచ్చింది గానీ పోస్టాఫీసు లైన్లలో తీగచుట్టలు మాత్రం పడలేదు. దానికి అమెరికా కావాల్సి వచ్చింది. 1899లో అక్కడి టెలిఫోన్ కంపెనీ ఇంజనీరు జార్జ్ క్యాంప్‌బెల్, కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మైఖేల్ పుపిన్ ఇద్దరూ విడివిడిగా తీగచుట్టలు ఎంతెంత దూరానికి ఒకటి పెట్టాలో లెక్క తేల్చారు. పేటెంట్ పుపిన్‌కి దక్కింది. కంపెనీ ఆ హక్కులు కొనుక్కుంది, పుపిన్‌కి లక్షల డాలర్లు వచ్చాయి. దూరప్రాంతాల టెలిఫోన్ నిలబడిందే ఆ లోడింగ్ కాయిల్స్ మీద. తన ఆలోచనకి పేటెంట్ తీసుకోని హెవీసైడ్‌కి దాని నుంచి ఒక్క పైసా రాలేదు.

ఇక్కడ పుపిన్‌ని విలన్ చేయక్కర్లేదు. దూరం లెక్క నిజంగా కొత్త పనే, అది లేకుండా కాయిల్స్ పనిచేయవు. కానీ దారి చూపినవాడికి కనీసం పేరు దక్కాలి కదా. హెవీసైడ్‌కి జీవితాంతం గుచ్చుకున్న ముల్లు అదే.

కొసమెరుపు ఒకటుంది. ఈ కాయిల్స్ మనిషి గొంతు ఉండే ఫ్రీక్వెన్సీలకి మేలు చేస్తాయి, దానికి పైన ఉన్నవాటిని మాత్రం కోసేస్తాయి. ఒక శతాబ్దం తర్వాత ఫోన్ తీగల మీదే డీఎస్ఎల్ ఇంటర్నెట్ ఇద్దామనుకుంటే, దానికి కావాల్సినవి ఆ పై ఫ్రీక్వెన్సీలే. అందుకని అమెరికాలో ఇంజనీర్లు ఫోన్ లైన్ల నుంచి వెతికి వెతికి ఆ కాయిల్స్ తీసేయాల్సి వచ్చింది. ఒక కాలపు మందు ఇంకో కాలానికి రోగమైంది. హెవీసైడ్ షరతు మాత్రం అప్పుడూ తప్పు కాలేదు. మనం అడిగిన ప్రశ్న మారింది, అంతే.

చివరి రోజులు

1889లో అమ్మానాన్నలతో కలిసి ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పెయింటన్ ఊరికి మారారు. అన్న చార్ల్స్ సంగీత వాయిద్యాల కొట్టు పైన కాపురం. 1894లో రాయల్ సొసైటీ పేదరికంలో ఉన్న శాస్త్రవేత్తల నిధి నుంచి సాయం చేయబోతే, దానం తీసుకోనని తిప్పి పంపారు. 1896లో స్నేహితులు పట్టుబట్టి ప్రభుత్వం నుంచి ఏడాదికి 120 పౌండ్ల పెన్షన్ ఇప్పించారు. అది తన పనికి గౌరవమని ఒప్పించాకే తీసుకున్నారు.

స్టెప్ ఫంక్షన్ కథ కూడా ఈ కాలానిదే. టెలిగ్రాఫ్ కీ నొక్కిన క్షణాన తీగ చివర జరిగేదే ఆ గీత: సున్నా నుంచి ఒక్కసారిగా పైకి. అవతలి చివర ఏం వస్తుందో కనుక్కోవడానికి ఆయన డిఫరెన్షియేషన్‌ని ఒక మామూలు అక్షరంలా పట్టుకుని కూడికలు, భాగహారాలు చేసేశారు. జవాబులు సరిగ్గా వచ్చేవి. కానీ ఎందుకు సరిగ్గా వస్తున్నాయో నిరూపణ లేదని రాయల్ సొసైటీ 1894లో ఆ వరుసలో మూడో పేపర్‌ని అచ్చు వేయలేదు. తర్వాతి తరం గణితజ్ఞులు నిరూపణలు కట్టారు. మనం చదివే లాప్లాస్ పద్ధతికి ఇంజనీరింగ్‌లో చోటు దొరికింది ఆ దారిలోనే.

1902లో ఇంకో మాట రాశారు: ఆకాశంలో పైన కరెంటుని మోసే పొర ఒకటి ఉండొచ్చు, రేడియో తరంగాలు భూమి వంపు దాటి వెళ్లడానికి అదే కారణం కావచ్చు అని. అమెరికాలో ఆర్థర్ కెనెల్లీ కూడా అదే ఏడు అదే మాటన్నారు. 1924 డిసెంబర్‌లో ఎడ్వర్డ్ ఆపిల్టన్ ప్రయోగం చేసి ఆ పొర ఉందని చూపించారు.

అప్పటికి హెవీసైడ్ టార్కీ ఊళ్లో ఒంటరి ముసలాయన. గ్యాస్ కంపెనీతో బిల్లుల గొడవ, కనెక్షన్ కోసేస్తే చలిలో వణుకుడు. 1922లో ఇంజనీర్ల సంఘం మొట్టమొదటి ఫారడే మెడల్ ఆయనకే ఇచ్చింది. నిచ్చెన మీద నుంచి జారిపడిన కొన్నాళ్లకి, 1925 ఫిబ్రవరి 3న, 74 ఏళ్ల వయసులో చనిపోయారు. పెయింటన్‌లో అమ్మానాన్నల దగ్గరే సమాధి చేశారు.

మన రూటర్ దగ్గరికి వస్తే

హెవీసైడ్ దగ్గర నేర్చుకోవాల్సింది ఒక్క అలవాటు: తిట్టే ముందు, కొనే ముందు, కొలవడం. ఈసారి నెట్ స్లో అయినప్పుడు ఇలా చేసి చూడండి.

ముందు రూటర్‌కి లాన్ కేబుల్ తగిలించి స్పీడ్ చూడండి. కేబుల్‌తో బాగుండి వైఫైతో లేకపోతే తప్పు మన గోడల మధ్యే ఉంది. రూటర్‌ని బీరువా వెనక నుంచి బయటికి తీసి హాల్లో ఎత్తుగా పెట్టండి. పెద్ద ప్లాన్ వేయించినా ఈ తప్పు పోదు.

తర్వాత పింగ్ చూడండి. మొదట రూటర్‌కి, ఆ తర్వాత బయట సర్వర్‌కి. రూటర్ దాకానే పింగ్ ఎగుడుదిగుడుగా ఉంటే వైఫై ముక్క, దాని తర్వాతే పెరిగితే బయటి ముక్క. డెన్మార్క్ లైన్‌ని ముక్కలుగా చూసినట్టే.

ఇంట్లో ఎవరైనా ఫోటోలు బ్యాకప్ పెట్టినప్పుడే మీ వీడియో కాల్ ఆగిపోతుంటే, అప్‌లోడ్, డౌన్‌లోడ్ విడివిడిగా చూడండి. అప్‌లోడ్ దారి నిండిపోయి ప్యాకెట్లు రూటర్‌లో క్యూ కట్టి ఉండొచ్చు. బ్యాకప్‌కి స్పీడ్ పరిమితి పెడితే చాలు, ప్లాన్ మార్చక్కర్లేదు.

కోయాక్సియల్ కనెక్షనైతే స్ప్లిటర్లూ వదులైన కనెక్టర్లూ చూడండి. ఇంపీడెన్స్ కలవని చోట సిగ్నల్ వెనక్కి తన్నుతుంది. ఆ మాట పుట్టించింది ఎవరో ఇప్పుడు తెలుసు కదా.

ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసుకుని అప్పుడు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి. "నెట్ స్లోగా ఉందండీ" అన్నవాడికి రూటర్ రీస్టార్ట్ చేయమని చెప్తారు. "కేబుల్‌తో కూడా రూటర్ తర్వాతే పింగ్ పెరుగుతోందండీ" అన్నవాడి కంప్లైంట్ లైన్‌మన్ దాకా వెళ్లే అవకాశం ఎక్కువ.